కొంగలను చూసి ఎగరడం నేర్చుకున్న ఒట్టో



మొన్న ఎనిమిదో తరగతి పిల్లలను అనంతగిరి ఫీల్డ్ ట్రిప్‌కు తీసుకెళ్లిన సంగతి మీకు తెలిసిందే. అనంత పద్మనాభస్వామి దర్శనం అయింది, మూసీ నది పుట్టే చోటు చూశారు, అడవిలో కొంచెం దూరం నడిచారు, టిఫిన్ బాక్సులు ఖాళీ చేశారు. తర్వాత కొండ మీద గాలి బాగా వీచే చోట కాసేపు కూర్చోబెట్టాం. ఐదు నిమిషాల్లో రఫ్ నోట్‌బుక్ పేజీలు కాగితం విమానాలైపోయాయి. ఎగరేసినవన్నీ మళ్లీ వాళ్లతోనే ఏరించాం లెండి.

అందులో ఒక అబ్బాయి విమానం మాత్రం ప్రతిసారీ ఒకే పని చేసింది. ముక్కు పైకెత్తి జోరుగా లేచేది, గాలిలో ఒక్క క్షణం ఆగినట్టయ్యేది, వెంటనే ముక్కు కిందికేసి పడిపోయేది. ఎందుకు మేడమ్ అని అడిగాడు. బండి ఇంజిన్ ఆగిపోయినట్టే, స్పీడ్ అయిపోయింది కదా, దాన్ని స్టాల్ అంటారు అని చెప్పేశాను. ఆ జవాబు సగమే నిజమని ఆ రాత్రి పుస్తకం తీశాక తెలిసింది. మర్నాడు క్లాసులో నా తప్పు నేనే బోర్డు మీద రాసి దిద్దుకున్నాను.

కథ అక్కడితో అయిపోలేదు. పేరెంట్స్ మీటింగ్‌కు ఆ అబ్బాయి వాళ్ల నాన్నగారు వచ్చారు. పిల్లవాడు ఇంట్లో థర్మాకోల్, చిన్న మోటార్లతో విమానం కడుతున్నాడట. పెద్దయ్యాక తనే కూర్చుని ఎగిరే విమానం కడతానంటున్నాడట. ఇంట్లో కట్టుకున్న విమానాలు కూలిపోయే వీడియోలు చూసి వాళ్లమ్మగారికి నిద్ర పట్టడం లేదట. పైగా 2019 అక్టోబర్‌లో మన వికారాబాద్ జిల్లాలోనే, బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ పొలాల్లో శిక్షణ విమానం కూలి ఇద్దరు యువ పైలట్లు చనిపోయారు. అది ఇంట్లో కట్టిన విమానం కాదు, ఆ రోజు వాతావరణం కూడా బాగాలేదు. అయినా తల్లి మనసుకు ఆ తేడాలు పట్టవు కదా. మీరైనా చెప్పి మాన్పించండి మేడమ్ అన్నారాయన. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

అందుకే ఈ నెల ఒట్టో లిలియంతాల్ జీవితం రాస్తున్నాను. తన విమానం తనే కట్టుకుని, తనే ఎగిరి, చివరికి స్టాల్ వల్లే చనిపోయిన మనిషి ఆయన. ఆయన కథ చదివాక ఆ అమ్మగారికీ నాన్నగారికీ మీరైతే ఏం చెబుతారో ఆలోచించండి.

రాత్రిపూట రెక్కలు

ఒట్టో 1848 మే 23న, అప్పటి ప్రష్యా రాజ్యంలోని ఆంక్లామ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఇప్పుడది జర్మనీలో ఉంది. తల్లిదండ్రులకు ఎనిమిది మంది పిల్లలు పుడితే బతికి బట్టకట్టింది ముగ్గురే. ఒట్టో, ఏడాది చిన్నవాడైన తమ్ముడు గుస్టావ్, చెల్లెలు మరీ. తండ్రి బట్టల వ్యాపారి. ఒట్టోకి పదమూడేళ్లప్పుడు, 1861లో ఆయన చనిపోయారు. సంగీతం నేర్చుకున్న తల్లి కరోలిన్ ఒంటి చేత్తో ముగ్గురినీ పెంచింది.

ఆ ఊరి చుట్టూ పచ్చికబయళ్లు ఉండేవి. అక్కడికి కొంగలు వచ్చేవి. అన్నదమ్ములిద్దరూ పడుకుని గంటల తరబడి వాటినే చూసేవారు. కొంగ లేచేటప్పుడు గాలికి ఎదురుగా ఎందుకు పరుగెత్తుతుంది, పైకి వెళ్లాక రెక్కలు ఆడించకుండా ఎలా తేలుతుంది అన్నదే వాళ్ల ధ్యాస. పద్నాలుగేళ్ల లోపే చెక్క బద్దలతో రెక్కలు చేసి చేతులకు కట్టుకున్నారు. క్లాస్‌మేట్స్ చూస్తే నవ్వుతారని రాత్రిపూట ఊరి బయట మైదానంలో పరుగెత్తేవారు. ఎగరలేదు. అయినా వాళ్లమ్మ ఆ రెక్కలను పొయ్యిలో పెట్టలేదు.

తర్వాత ఒట్టో పోట్స్‌డామ్‌లో టెక్నికల్ స్కూల్లో చదివాడు. బెర్లిన్‌లో యంత్రాల ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నాడు. అక్కడే ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తే సైన్యంలో పనిచేసి తిరిగొచ్చాడు. 1878లో ఆగ్నెస్‌ను పెళ్లి చేసుకున్నాడు. నలుగురు పిల్లలు.

ఎగిరే పిచ్చి ఒక్కటే ఉన్న మనిషి అనుకోకండి. అన్నదమ్ములు ఇసుక, సున్నపు పొడి, అవిసె నూనె కలిపి పిల్లలు ఆడుకునే రాతి దిమ్మెలు కనిపెట్టారు. అమ్ముకోవడం చేతకాక హక్కులను తక్కువ డబ్బుకు ఒక వ్యాపారికి ఇచ్చేశారు. ఆయన ఆంకర్ బ్లాక్స్ అనే పేరుతో వాటిని ప్రపంచమంతా అమ్మాడు. తర్వాత ఒట్టో బెర్లిన్‌లో సొంతంగా బాయిలర్లు, ఆవిరి యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టాడు. 1890లో లాభంలో పాతిక శాతం కార్మికులకు పంచే పద్ధతి తెచ్చాడు. పేదవాళ్లు కూడా నాటకం చూడాలని ఒక థియేటర్‌లో భాగస్వామి అయి టికెట్ ధరలు తగ్గించాడు. ఎగరడం అనేది ఇవన్నీ చూసుకున్నాక, సెలవు దొరికిన రోజున చేసే పని.

ముందు కొలత, తర్వాత ఎగరడం

ఆ కాలంలో ఎగరాలనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కువమంది పెద్ద యంత్రం కట్టి ఒక్కసారిగా లేపాలని చూసేవారు. ఒట్టో దారి వేరు. ముందు రెక్క సంగతి తేల్చుకోవాలి అనుకున్నాడు. గుండ్రంగా తిరిగే ఒక పరికరానికి రకరకాల రెక్క నమూనాలు కట్టి తిప్పేవాడు. ఏ వంపుకు గాలి ఎంత ఎత్తుతోంది, ఎంత వెనక్కి నెడుతోంది అని కొలిచి పట్టికల్లో రాసేవాడు. చదును పలక కంటే కొంచెం వంపు ఉన్న రెక్క బాగా ఎత్తుతుందని అంకెలతో చూపించాడు. ఇరవై ఏళ్ల పని అది. 1889లో పక్షుల ఎగురుడు మీద పుస్తకంగా వేశాడు. పెద్దగా అమ్ముడుపోలేదు.

అప్పటికి ఆయన వయసు 41. ఇంకా గాలిలోకి లేవలేదు.

1891లో మొదలుపెట్టాడు. పెరట్లో పలక మీద నుంచి దూకడంతో మొదలై, బెర్లిన్‌కు పడమరగా డెర్విట్స్ ఊరి దగ్గర గుట్టల మీద 25 మీటర్ల దూరం వరకు తేలగలిగాడు. మన బస్సు రెండు కలిపితే వచ్చేంత దూరం. తర్వాత ప్రతి ఏడూ కొత్త గ్లైడర్ కట్టాడు. 1893 నుంచి రైనో కొండల మీద ఎగరడం మొదలుపెట్టి 250 మీటర్ల దాకా వెళ్లాడు. 1894లో ఇంటికి దగ్గరగా, లిష్టర్‌ఫెల్డెలో 15 మీటర్ల ఎత్తు మట్టి దిబ్బ పోయించాడు. గుండ్రటి దిబ్బ కాబట్టి గాలి ఏ దిక్కు నుంచి వీచినా దానికి ఎదురుగా దిగొచ్చు.

ఆ గ్లైడర్లకు ఇంజిన్ లేదు. సన్నటి కర్రల చట్రం, దానిమీద నూలు గుడ్డ. బరువు దాదాపు 20 కిలోలు. ఈ కొన నుంచి ఆ కొనకు దాదాపు 6.7 మీటర్లు. మధ్యలో చేతుల మీద ఆనుకుని, నడుం నుంచి కింద భాగం గాలిలో వేలాడుతూ ఉండాలి. స్టీరింగ్ లేదు. కుడికి వెళ్లాలంటే కాళ్లు కుడికి ఊపాలి. ముక్కు దించాలంటే ఒళ్లంతా ముందుకు విసరాలి.

ఐదేళ్లలో రెండు వేలకు పైగా ఎగిరాడు. అన్నీ కలిపితే గాలిలో ఉన్న సమయం దాదాపు ఐదు గంటలేనని అంచనా. మన స్కూల్‌లో లంచ్ వరకు జరిగే పీరియడ్ల కంటే కొంచెం ఎక్కువ. ఆ ఐదు గంటల కోసం ఆయన ఎంత కొలిచాడో, ఎంత రాశాడో చూడండి. ఫొటోలు తీయించాడు. మనిషి ఎగురుతున్న ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చి అమెరికా దాకా వెళ్లాయి.

1894లో ఒకసారి గ్లైడర్ ముక్కు కిందికై నేలను తాకింది. ముందువైపు తను అమర్చుకున్న వంపు కర్ర దెబ్బను తీసుకుని విరిగింది, ఆయన బతికాడు. అంటే ప్రమాదం ఎక్కడుందో ఆయనకు తెలుసు. తెలియక దూకిన మనిషి కాదు.

ఆ ఆదివారం

1896 ఆగస్టు 9, ఆదివారం. రైనో కొండల్లోనే ష్టొలెన్ ఊరి పక్కన గోలెన్‌బర్గ్ కొండ. మెకానిక్ పాల్ బైలిష్ తోడున్నాడు. బాగా ఎండ కాస్తోంది. ఆ రోజు ముందు ఎగిరినవి బాగానే సాగాయి. తర్వాత ఎగిరినప్పుడు గాలిలో ఉండగా గ్లైడర్ ముక్కు పైకి లేచి దాదాపు ఆగిపోయింది. ఎండకు వేడెక్కిన గాలి ఉప్పెనలా లేవడం కారణం కావచ్చంటారు. ఒట్టో ఒళ్లు ముందుకు విసిరి ముక్కు దించాలని చూశాడు. గ్లైడర్ మాట వినలేదు. దాదాపు 15 మీటర్ల నుంచి నేలకు పడింది.

మెడ దగ్గర వెన్నెముక విరిగింది. బండి మీద ఊళ్లోకి, అక్కడి నుంచి రైల్లో బెర్లిన్‌కు తీసుకెళ్లారు. మర్నాడు, ఆగస్టు 10న ఆసుపత్రిలో చనిపోయాడు. వయసు 48. ఇంట్లో ఆగ్నెస్, నలుగురు పిల్లలు.

స్టాల్ అంటే ఏమిటి?

అనంతగిరి మీద ఆ అబ్బాయికి నేను చెప్పాల్సిన జవాబు ఇది. విమానాల స్టాల్‌కు ఇంజిన్‌తో సంబంధం లేదు. లిలియంతాల్ గ్లైడర్‌కు అసలు ఇంజినే లేదు కదా.

రెక్క గాలిని కొంచెం ఏటవాలుగా ఎదుర్కొంటుంది. గాలి రెక్క పైభాగానికి అంటుకుని జారుతూ వెనక కిందికి వెళుతుంది. దాంతో రెక్క పైకి లేస్తుంది. ఏటవాలు పెంచితే ఎత్తే బలం కూడా పెరుగుతుంది. కానీ దానికో హద్దు ఉంది. చాలా రెక్కలకు అది 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. హద్దు దాటితే గాలి పైభాగాన్ని వదిలేసి సుడులు తిరుగుతుంది. ఎత్తే బలం పడిపోతుంది. అదే స్టాల్. నెమ్మదిగా వెళ్లే విమానం గాలిలో నిలవాలంటే ముక్కు ఎక్కువ ఎత్తాలి కాబట్టి స్పీడ్ తగ్గినప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది. నేను చెప్పింది సగం నిజమన్నది అందుకే.

రెండు రెక్కల్లో ఒకటి ఎక్కువగా స్టాల్ అయితే విమానం ఆ పక్కకు ఒరిగి, బొంగరంలా తిరుగుతూ పడుతుంది. దాన్ని స్పిన్ అంటారు.

బయటపడాలంటే చేయాల్సిన పని మన మనసుకు ఎదురు తిరుగుతుంది. విమానం పడుతోంది అనగానే చెయ్యి దానంతట అదే ముక్కును ఇంకా పైకి లాగుతుంది. లాగేకొద్దీ స్టాల్ ముదురుతుంది. పడుతున్నప్పుడే ముక్కు కిందికి దించాలి. అప్పుడు గాలి మళ్లీ రెక్కకు అంటుకుంటుంది, స్పీడ్ వస్తుంది, ఆ తర్వాత నెమ్మదిగా పైకి తేవచ్చు. దీనికి కింద ఖాళీ కావాలి. లిలియంతాల్‌కు ఉన్నది 15 మీటర్లే.

ఇప్పటికీ సొంతంగా కట్టుకునే చిన్న విమానాల్లో ఈ చిక్కు ఉంది. అమెరికాలో ఇళ్లలో, షెడ్లలో విమానాలు కట్టి ఎగిరేవాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడి రవాణా భద్రతా బోర్డు 2012లో వాళ్ల ప్రమాదాలను పరిశీలించింది. గాలిలో అదుపు తప్పడం, ఇంజిన్ చెడిపోవడం ముఖ్య కారణాలుగా తేలాయి. విమానం కొత్తగా కట్టిన తొలి రోజుల్లో, లేదా ఇంకొకరు కట్టినది కొని మొదటిసారి ఎగిరేటప్పుడు ప్రమాదాలు ఎక్కువగా జరుగుతున్నాయని కూడా తేలింది. ల్యాండింగ్ కోసం చివరి మలుపు తిరిగే చోటు మరీ అపాయం. అక్కడ ఎత్తు తక్కువ, స్పీడ్ తక్కువ, పైగా మలుపు.

ఆయన తర్వాత

లిలియంతాల్ చావు వార్త అమెరికాలో డేటన్ అనే ఊళ్లో సైకిల్ షాపు నడుపుకునే అన్నదమ్ములకు చేరింది. వాళ్లే విల్బర్, ఓర్విల్ రైట్. పాత ఆసక్తి మళ్లీ రేగింది. ఆయన పుస్తకం, పట్టికలు సంపాదించి చదివారు. ఎలా ఎగిరాడన్నదాంతో పాటు ఎలా పడ్డాడన్నది కూడా చూశారు. ఒంటిని ఊపి అదుపు చేయడం చాలదని నిర్ణయించుకున్నారు. ముక్కును దించడానికీ ఎత్తడానికీ వేరే చిన్న రెక్క కావాలనుకుని, దాన్ని విమానం ముందువైపు పెట్టారు. 1901లో విల్బర్ గ్లైడర్ కూడా గాలిలో ఆగిపోయింది. కానీ ముక్కు కిందికై కూలకుండా చదునుగా దిగింది, ఆయనకు ఏమీ కాలేదు. ఆ ఏడాదే చిన్న గాలి సొరంగం కట్టి కొలతలన్నీ మళ్లీ తీశారు. 1903 డిసెంబర్ 17న ఇంజిన్‌తో ఎగిరారు.

స్పిన్ గుట్టు తెలియడానికి ఇంకా కాలం పట్టింది. 1912 ఆగస్టు 25న ఇంగ్లండ్‌లో విల్‌ఫ్రెడ్ పార్క్ అనే నౌకాదళ అధికారి విమానం స్పిన్‌లో పడింది. చివరి క్షణంలో తిరుగుడుకు ఎదురుగా రడ్డర్ తొక్కి బయటపడ్డాడు. కిందికి దిగాక ఏం చేశాడో పూర్తిగా చెప్పాడు, మిగతావాళ్లు రాసుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఇంకో ప్రమాదంలో ఆయన చనిపోయాడు. కానీ ఆయన చెప్పింది నిలిచింది. ఇవాళ ప్రతి శిక్షణ పైలట్ బాగా ఎత్తుకు వెళ్లి, పక్కన గురువు ఉండగా, కావాలని స్టాల్ చేసి బయటపడటం నేర్చుకుంటాడు. లిలియంతాల్‌కు ఆ అవకాశం లేదు. గురువూ తనే, విద్యార్థీ తనే.

ఇక మన అబ్బాయి సంగతి

వాళ్ల నాన్నగారికి నేను ఇప్పుడు చెప్పే జవాబు ఇది. మాన్పించకండి. కానీ ఒంటరిగా వదలకండి. మనిషి కూర్చునే విమానం ఇప్పుడు కాదు, ఇంట్లో అసలే కాదు. అంత జాగ్రత్తగా, ఇరవై ఏళ్లు కొలిచి ఎగిరిన ఇంజనీరే పోయాడు. ఆ సంగతి పిల్లవాడికి దాచకుండా చెప్పండి. నిజంగా ఎగరాలంటే కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంది, ఫ్లయింగ్ స్కూళ్లు ఉన్నాయి, పక్కన కూర్చునే గురువులు ఉన్నారు. థర్మాకోల్ విమానం మాత్రం కట్టనివ్వండి. పడితే పడనివ్వండి. పడిన ప్రతిసారీ ఎందుకు పడిందో నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయమనండి. కొత్త విమానం కొన్నంత విలువ ఆ నోట్‌బుక్‌కు ఉంటుంది.

మనకు కూడా ఇందులో ఒక మాట ఉంది. యూనిట్ టెస్టులో మార్కులు పడగానే మనం కూడా స్టిక్ వెనక్కి లాగుతాం. ఇంకో ట్యూషన్, ఇంకో గంట, ఇంకా పైకి. టీచర్లం మేమూ అదే చేస్తాం. కొన్నిసార్లు ముక్కు కాస్త దించి, పిల్లవాడికి ఊపిరి తీసుకునే ఎత్తు మిగల్చాలి.

ఇంట్లో చేసి చూడండి: టేబుల్ ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పి, దాని జాలీకి జానెడు దూరంలో ఒక అట్టముక్కను అడ్డంగా పట్టుకోండి. ముందు అంచు కొంచెం పైకెత్తితే అట్ట చేతిని పైకి లేపుతుంది. మెల్లగా ఇంకా ఎత్తుతూ వెళ్లండి. ఒక దగ్గరకొచ్చేసరికి పైకి లేపడం తగ్గి వెనక్కి నెట్టడం మొదలవుతుంది. ఆ హద్దు ఎక్కడుందో పిల్లలను ప్రొట్రాక్టర్‌తో కొలిచి రాయమనండి. చిన్నపిల్లలైతే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

ఒట్టో పడిన గోలెన్‌బర్గ్ కొండ కింద ఇవాళ ఒక పెద్ద ప్రయాణికుల విమానం నిలబడి ఉంది. 1989 అక్టోబర్‌లో ఒక పైలట్ కిలోమీటరు కూడా లేని గడ్డి నేల మీద దాన్ని క్షేమంగా దించాడు. ఆ విమానానికి ఒట్టో పేరు పెట్టలేదు. ఆయన భార్య పేరు పెట్టారు. లేడీ ఆగ్నెస్.

నిద్రపట్టని ఆ అమ్మగారు ఈ పేజీ చదువుతారని ఆశిస్తున్నాను. వచ్చే మీటింగ్‌కు మీవాడి నోట్‌బుక్ తీసుకురండి, ఇద్దరం కూర్చుని చూద్దాం.